తిరుమల వరాహం, మనువు పడవ, నోవహు ఓడ

తిరుమలలో వేంకటేశ్వరుని కంటే ముందు, పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామిని దర్శించడం ఆచారం. ఆ కొండకు ఆదివరాహ క్షేత్రమని పేరు. నీట మునిగిన భూమిని విష్ణువు వరాహరూపంలో పైకెత్తాడని పురాణాలు చెబుతాయి. ఇది నోవహు కథకు మరో రూపమేనని మన సంఘాల్లో కొందరు అనుకుంటారు.

అది సరికాదు. వరాహ కథలో ఓడ లేదు. అక్కడ రక్షణ పొందేది భూమి. నోవహుకు దగ్గరగా ఉన్నది శతపథ బ్రాహ్మణంలోని మనువు కథ. ఒక చేప ముందే హెచ్చరిస్తుంది. మనువు పడవ తాడును దాని కొమ్ముకు కట్టి ఉత్తరగిరి చేరుకుంటాడు. ఇంకా దగ్గరిది బబులోను వారి గిల్గమేష్ కావ్యం. 1872లో జార్జ్ స్మిత్ లండన్‌లో చదివి వినిపించిన ఆ మట్టిపలకలో ఓడ, కొండ, పావురం, కాకి కూడా ఉన్నాయి.

పోలికల దగ్గరే ఆగక ప్రళయానికి కారణమేమిటో చూడాలి. బబులోనువారి అత్రహసీస్ కావ్యంలో మనుషుల రొదకు నిద్రపట్టని ఎన్లిల్ దేవుడు జలప్రళయం తెప్పిస్తాడు. మనువు కథ కారణం చెప్పదు. ఆదికాండము 6వ అధ్యాయంలో కారణం లోకమంతా నిండిన దౌర్జన్యం. దాన్ని చూసి దేవుడు హృదయంలో నొచ్చుకున్నాడు. అసలు తేడా ఇదే.

కొండ కింద ఊళ్లలో జీవించే మనం పొరుగువారి కథను వారు చెప్పినట్టే విని, ఆ తర్వాతే పోల్చాలి. తొమ్మిదవ ఆజ్ఞ ఇక్కడా వర్తిస్తుంది. ఎదుటివారి మాటను వంకరగా చెప్పి వాదం గెలిస్తే అది సాక్ష్యం కాదు.