బిరడా విరిగి సీసాలో పడిందా? గోలీ సోడా దాకా ఉంది ఈ కథ

అమెరికా నుంచి బావ తెచ్చిన విస్కీ సీసా రెండేళ్లుగా బీరువాలో నిలబడి ఉందనుకోండి. ఇవాళ మూత తిప్పితే పైన చెక్క తల ఒక్కటే చేతికొచ్చింది, బిరడా మెడలోనే ఉండిపోయింది. గుచ్చి లాగితే పొడిపొడై లోపల పడింది. పారబోయాలా? అక్కర్లేదు. కానీ అసలెందుకు విరిగిందో ముందు చూద్దాం. (21 నిండని తమ్ముళ్లూ, మీరు చరిత్ర వరకే. ఏపీలో చట్టం అదే మరి.)

బిరడా అంటే చెట్టు బెరడు. పోర్చుగల్, స్పెయిన్ వైపు పెరిగే ఒక రకం ఓక్ చెట్టుది. చెట్టు నరకరు, దాదాపు తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు, మళ్లీ పెరుగుతుంది. స్కూల్లో చదివాం కదా, 1665లో రాబర్ట్ హుక్ మైక్రోస్కోప్‌లో చూసి 'సెల్' అని పేరు పెట్టాడని! ఆయన చూసింది ఈ బెరడు ముక్కనే. ఆ గదుల నిండా గాలి ఉంటుంది. అందుకే నొక్కితే అణిగి మెడకి బిగుసుకుంటుంది, జీలుగు బెండులా తేలుతుంది. ఎండితే మాత్రం పెళుసు.

వైన్ సీసాని పడుకోబెట్టేది బిరడా తడిగా ఉండాలనే. విస్కీని అలా పెడితే 40 శాతం ఆల్కహాల్ బిరడానే తినేస్తుంది. నిలబెడితే ఎండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మన బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు పట్టుకుని చివరిదాకా వెళ్తే మచిలీపట్నం. 1605లో డచ్చి వాళ్లు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషు వాళ్లు దిగిన రేవు అది. సీసాకి బిరడా బిగించే అలవాటు వాళ్లది. మన తాటికల్లుకి ఆ పని కుదరదు. లొట్టిలో పులుస్తూ గ్యాస్ వదులుతూనే ఉంటుంది, గట్టిగా మూస్తే పేలుతుంది.

సోడా చేసేవాళ్లకీ ఇదే తలనొప్పి. బిరడా ఎండితే గ్యాసంతా పోతుంది. అందుకని ఇంగ్లండులో అడుగు కోసుగా ఉండే సీసాలు చేశారు, నిలబెడదామన్నా నిలబడవు! 1870ల్లో హైరమ్ కాడ్ అనే ఆయన బిరడానే పీకేసి గోలీ పెట్టాడు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు రింగుకి నొక్కిపెడుతుంది. ఎండాకాలం బెజవాడలో మనం 'టప్'మని కొట్టించుకునే గోలీ సోడా అదే. నాకైతే బిరడా మీద కసితో పుట్టిన సీసాలా కనిపిస్తుంది.

విస్కీలో గ్యాస్ ఉండదు కాబట్టి గోలీ పనిచేయదు. 1913లో టీచర్స్ కంపెనీ చేత్తో తీసే తలబిరడా తెచ్చింది. బావ సీసాకున్నది ఆ జాతే. 1926లో వైట్ హార్స్ స్క్రూ మూతకి మారింది. మన వైన్ షాపులో క్వార్టర్‌కీ ఆ తిప్పుడు మూతే, అందుకే విరిగిన బిరడా మనకి కొత్త.

ఇక మన సీసా. మెడలో ఇరుక్కున్న ముక్కని కత్తితో పొడవకండి, గాజు పెచ్చు లేస్తుంది. రాకపోతే లోపలికే తోసెయ్యండి. గరాటులో కాగితం ఫిల్టర్ గానీ, సబ్బు వాసన లేని పల్చటి గుడ్డ గానీ వేసి మెల్లగా వేరే గాజు సీసాలోకి వంచండి. స్టీలు కాఫీ ఫిల్టర్ వద్దు, సన్న పొడి దాని కన్నాల్లోంచి జారిపోతుంది. పొయ్యికి దూరంగా చెయ్యండి. నలుసు మిగిలి కడుపులోకి వెళ్లినా బిరడా విషం కాదు.

గాజు పెచ్చు ఊడితే మాత్రం మొత్తం పారబోయండి. సీసా ఎక్కడిదో తెలియకపోయినా, సీలు ముందే తీసి ఉన్నా అంతే. గుడ్డ బిరడా పొడిని ఆపుతుంది, మిథనాల్‌ని ఆపలేదు. కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు.

బీరువాలో ఇంకో సీసా ఉంటే నిలబెట్టే ఉంచండి. నెలకోసారి ఒక్క క్షణం వంచి బిరడా తడిపి మళ్లీ నిలబెట్టండి.