గ్యాసునూనె నుండి స్టైరీన్ దాకా: అంటుకునే ద్రవాల తరగతుల కథ

మన వైపు పెద్దవాళ్లు కిరసనాయిలును గ్యాసునూనె అనేవారు. రేషను కార్డు ఒక చేత, డబ్బా ఒక చేత పట్టుకొని డీలరు దుకాణం ముందు వరుసలో నిలబడని కుటుంబం మన సంఘ సభ్యులలో లేదనే అనుకుంటాను. ఆ నూనెకు ప్రభుత్వ కాగితాలలో ఉన్న పేరు 'క్లాస్ బి పెట్రోలియం'. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ అనే రసాయనం కూడా, చట్టంలోని నిర్వచనం ప్రకారం, అదే 'క్లాస్ బి' లోకి వస్తుంది. లాంతరులో పోసుకున్న నూనె, ఊరినే పడగొట్టిన ద్రవం ఒకే గూటిలోకి ఎలా చేరాయి? జిల్లా కార్యాలయాలలో పెట్రోలు బంకుల నిరభ్యంతర పత్రాల ఫైళ్లు నడిపిన మనలాంటి వాళ్లకు ఏ, బీ, సీ అనే మూడు అక్షరాలు కంఠోపాఠమే గాని, అవి ఎక్కడి నుండి వచ్చాయో తెలుసుకొనే తీరిక సర్వీసులో ఉండగా దొరకలేదు. ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది గనుక ఆ సంగతి నాలుగు మాటలలో చెప్పదలచాను.

పందొమ్మిదవ శతాబ్దం మధ్య నుండి దీపాలకు కిరసనాయిలు వాడకం ప్రపంచమంతటా పెరిగింది. అప్పటికి మోటారు కార్లు లేవు. ముడి చమురును వడగట్టినప్పుడు ముందుగా వచ్చే తేలికపాటి ద్రవాన్ని, అంటే ఈనాటి పెట్రోలు వంటి దాన్ని, కొనేవాడు లేడు. పారబోయడం ఎందుకని కొందరు వ్యాపారులు దాన్ని దీపపు నూనెలో కలిపేసేవారు. ఫలితంగా దీపాలు పేలి ఇళ్లు కాలిపోయాయి. కల్తీ అనేది మన కాలంలో పుట్టిన విద్య కాదన్న మాట.

దీనిని అరికట్టడానికి బ్రిటన్‌లో 1862లో చట్టం చేశారు. నూనెను కొలవడానికి వాళ్లు ఎంచుకొన్న గుర్తు 'ఫ్లాష్ పాయింట్'. నిజానికి మండేది ద్రవం కాదు, దాని మీద లేచే ఆవిరి. నూనెను కొద్దికొద్దిగా వేడి చేస్తూ, దగ్గరకు చిన్న మంట చూపిస్తూ పోతే ఒక దశలో ఆ ఆవిరి భగ్గున ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. ఆ మెరుపు కనపడిన వేడిమే ఫ్లాష్ పాయింట్. అది ఎంత తక్కువైతే ద్రవం అంత ప్రమాదకరం. మొదట్లో మూత లేని గిన్నెలో పరీక్ష చేసేవారు. ఆవిరి గాలికి చెదిరిపోయి, పరీక్ష చేసిన ప్రతివాడికీ ఒక్కో అంకె వచ్చేది. అంకె తేలకపోతే వ్యాజ్యం తేలదు గదా! చివరకు సర్ ఫ్రెడరిక్ ఏబెల్ అనే రసాయన శాస్త్రవేత్త మూత గల గిన్నె పెట్టి, చుట్టూ నీటి తొట్టితో నెమ్మదిగా వేడెక్కే పరికరాన్ని తయారు చేశాడు. 1879 చట్టంతో అది అక్కడ ప్రమాణమయింది. పాత గిన్నెలో 100 డిగ్రీల ఫారన్‌హీట్ అన్న హద్దు కొత్త గిన్నెలో 73 డిగ్రీలయింది. ఏబెల్ గిన్నె మన దేశపు ప్రయోగశాలలకు కూడా వచ్చింది.

మన దేశంలో 1899 నాటి చట్టంలోను, తరువాత వచ్చిన 1934 పెట్రోలియం చట్టంలోను ఆ హద్దు 76 డిగ్రీల ఫారన్‌హీట్. దానికి లోపు ఉన్నది 'ప్రమాదకర పెట్రోలియం', మిగిలినది కాదు. 1970లో చట్టాన్ని సవరించి, సెంటీగ్రేడు లెక్కలో మూడు తరగతులు చేశారు. 23 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ ఉంటే ఏ, 23 నుండి 65 లోపు ఉంటే బీ, 65 నుండి 93 లోపు ఉంటే సీ. పెట్రోలు ఏ తరగతి. కిరసనాయిలు, డీజిలు బీ. కొలుముల్లో వాడే ఫర్నేస్ ఆయిల్ సీ. ఒక్కచోట 2,500 లీటర్లకు మించకుండా, ఒక్కొక్క పాత్ర 1,000 లీటర్లకు మించకుండా ఉంటే బీ తరగతి నిల్వకు ఆ చట్టం కింద లైసెన్సు అక్కర లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 23 డిగ్రీలంటే చలిదేశంలో వేసవి పూట. మన వరంగల్లులో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. మన ప్రమాణాల సంస్థ కిరసనాయిలుకు పెట్టిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. అంటే చలికాలంలో కొంత మెతకగా ఉండే బీ తరగతి నూనె, రోహిణి కార్తెలో ఏ తరగతి స్వభావం చూపించగలదు. కాగితం మీద తరగతి మారదు, వాతావరణం మారుతుంది. దానికి తోడు కిరసనాయిలులో కొంచెం పెట్రోలు కలిస్తే చాలు, ఫ్లాష్ పాయింట్ అమాంతం పడిపోతుంది. గాలి కొట్టే స్టవ్వులు పేలి ఎందరు ఆడపిల్లలు కాలిపోయారో మన తరానికి తెలుసు. వాటన్నిటికీ కల్తీయే కారణమని అనను, వేరే కారణాలు ఉన్నవి కూడా మనకు తెలుసు. రేషను కిరసనాయిలుకు నీలి రంగు కలిపింది మాత్రం ఇంకొక రకం కల్తీని, అంటే చవక నూనె డీజిలులోకి మళ్లడాన్ని, పట్టుకోవడానికి.

ఇంతవరకు కథ అంతా మంటల గురించే. మంట గాక విషం సంగతి ఏమిటన్న ప్రశ్నను మన దేశం ముందు నిలబెట్టింది భోపాల్. 1984 డిసెంబరు 2-3 రాత్రి అక్కడ విడుదలైన మిథైల్ ఐసోసయనేట్ కూడా అంటుకునే ద్రవమే. దాని ఫ్లాష్ పాయింట్ సున్నాకంటే 7 డిగ్రీలు తక్కువ. అయినా వేల మంది చనిపోయింది మంటల్లో కాదు, ఊపిరి తీసుకొని. ఆ తరువాతనే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం చేరింది. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వెలువడ్డాయి. వీటిలో ఫ్లాష్ పాయింటుతో పాటు విషపు కొలత కూడా చోటు చేసుకొంది. ఎంత మోతాదు ఇస్తే ప్రయోగశాల జంతువులలో సగం చనిపోతాయన్నదే ఆ కొలత. వినడానికి బాగుండదు, కాని అంతకుముందు అది కూడా లేదు. ఫ్యాక్టరీ గోడ బయట ప్రజలను కాపాడే ప్రణాళిక తయారు చేసే బాధ్యత జిల్లా యంత్రాంగం మీద పడింది. 1996 నిబంధనలతో రాష్ట్రానికి, జిల్లాకు, స్థానికంగాను విపత్తు కమిటీలు ఏర్పడాలన్నారు. మరుసటి ఏడాదే, 1997 సెప్టెంబరు 14 ఆదివారం ఉదయం, విశాఖ హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో వంటగ్యాసు లీకై అంటుకొని సుమారు 60 మంది చనిపోయారు. గాలికంటే బరువైన ఆ గ్యాసు నేల మీద నీటిలా పాకుతుంది.

జాతీయ రహదారి మీద వెళ్లే ట్యాంకర్లను మీరు గమనించే ఉంటారు. వెనుక భాగంలోను, రెండు పక్కల ఒక పలక ఉంటుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం దాని మీద రసాయనం పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల సంఖ్య, వజ్రాకారపు గుర్తు, ప్రమాద సమయంలో పిలవవలసిన ఫోను నంబరు ఉండాలి. పెట్రోలుకు 1203, కిరసనాయిలుకు 1223. పెట్రోలు పలక మీద '3వై.ఈ.' అన్న సంకేతం కూడా కనిపిస్తుంది. ఇది బ్రిటన్ అగ్నిమాపక దళాల వాళ్లు కల్పించిన భాష. అందులో 3 అంటే నీళ్లు కొట్టవద్దు, నురగ వాడమని. నీటి మీద పెట్రోలు తేలిపోయి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. చివరి ఈ అక్షరం చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాలని చెబుతుంది. రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడితే బిందెలు పట్టుకొని పరుగెత్తే మన జనం ఈ ఒక్క అక్షరం నేర్చుకుంటే ఎంత బాగుండును!

ఒక్కొక్క దేశం ఒక్కొక్క హద్దు పెట్టుకొంటే ఓడ ఎక్కిన సరుకు రేవు దిగేసరికి తరగతి మారిపోతుంది. అందుచేత 1992 రియో సమావేశంలో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి కావాలని తీర్మానించారు. పదేళ్ల కసరత్తు తరువాత 2003లో ఐక్యరాజ్యసమితి దానిని పుస్తకంగా ప్రచురించింది. ఎర్ర అంచు చతురస్రంలో నల్ల బొమ్మలు అప్పటి నుండి వచ్చినవే. మంట, కపాలం, ఛాతీ మీద నక్షత్రంతో మనిషి. ఇందులో భౌతిక ప్రమాదాలు వేరు, ఆరోగ్య ప్రమాదాలు వేరు. ఒకే డ్రమ్ము మీద రెండూ కనపడాలి. జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో పనిచేసే మన పిల్లలు తమ చేతి కింది డ్రమ్ము మీద బొమ్మలు ఎన్ని ఉన్నాయో ఈ వారం లెక్కపెట్టి చూడవచ్చు.

ఇక స్టైరీన్. ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, అంతే. కనుక చట్టం దృష్టిలో అది పెట్రోలియం. ఫ్లాష్ పాయింట్ సుమారు 31 డిగ్రీలు గనుక బీ తరగతి. ఆరోగ్యం వైపు చూస్తే కళ్లకు, గొంతుకు మంట, మత్తు, ఎక్కువకాలం పీలిస్తే వినికిడికి దెబ్బ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాలలో ఒక మెట్టు పైకి చేర్చింది. ఫ్యాక్టరీల చట్టంలోనే, పని గంటల సగటుగా, పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లకు మించరాదన్న హద్దు పెట్టారు. అంటే మంట లెక్క ఉంది, విషం లెక్కా ఉంది. ఈ రెంటిలోనూ సరిగా ఇమడనిది దాని మూడవ గుణం. కిరసనాయిలును డబ్బాలో పోసి మూత పెడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. స్టైరీన్ ఉండదు. దాని అణువులు తమంతట తాము ఒకదానితో ఒకటి అల్లుకొని ప్లాస్టిక్కుగా మారడం మొదలుపెడతాయి. అలా అల్లుకుంటున్నప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి అల్లిక ఇంకా వేగం అందుకొంటుంది. దీనిని ఆపాలంటే ద్రవాన్ని చల్లగా ఉంచాలి, టి.బి.సి. అనే నిరోధక రసాయనం తగినంత కలుపుతూ ఉండాలి.

విశాఖలోని ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేర మొదలై, 1997లో కొరియా సంస్థ చేతికి వెళ్లి ఎల్.జి. పాలిమర్స్ అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఉత్పత్తి ఆగింది. ఎం-6 అనే ట్యాంకులో రెండు వేల టన్నులకు దగ్గరగా స్టైరీన్ ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార కమిటీ ఆ జూలైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, చల్లబరిచే యంత్రాన్ని పగలు మాత్రమే నడిపి రాత్రులు ఆపేవారు. వేడిని కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. నిరోధక రసాయనం చాలలేదు. అడుగున అంకె చల్లగానే కనపడుతుంటే, పై పొరల్లో ద్రవం వేడెక్కిపోయింది. మే 7న రాత్రి మూడు గంటల వేళ ఆవిరి బయటకు తన్నుకొచ్చింది. ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. గాలికంటే మూడింతలకు పైగా బరువైన ఆ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదకు పాకింది. పరుగెత్తినవారు దారిలో కూలిపోయారు, పశువులు కట్టుకొయ్యల దగ్గరే చనిపోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. బీ తరగతి అన్న అక్షరం హెచ్చరించిన మంట మాత్రం ఆ రాత్రి రాలేదు.

కొత్త ప్రపంచ పద్ధతిలోనైనా ఈ మూడవ గుణానికి ప్రత్యేకమైన బొమ్మ లేదు. రసాయనంతో పాటు రావలసిన 16 అంశాల భద్రతా పత్రంలో పదవ అంశం కింద, స్థిరత్వం అన్న శీర్షికతో, అది రాసి ఉంటుంది. ఫైలులో పదవ పేజీ దాకా ఎవరు తిప్పుతారో మనకు తెలియనిది కాదు. రవాణా నిబంధనల వాళ్లు మాత్రం ఇంకొక ఉపాయం చేశారు. నాలుగంకెల జాబితాలో 2055వ సంఖ్య కింద దీనిని ఉత్త స్టైరీన్ అని రాయరు. 'స్టైరీన్ మోనోమర్, స్టెబిలైజ్డ్', అంటే నిరోధకం కలిపి నిలకడ చేసినది అని రాస్తారు. షరతు పేరులోనే ఉంది. ఆ మే నెలలోనే ప్రభుత్వ ఆదేశం మీద విశాఖలో మిగిలిన సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో తిరిగి కొరియాకు పంపించారు. నిబంధనల ప్రకారం ఓడ కాగితాలలో ఆ సరుకుకు రాయవలసిన పేరు అదే.