హంద్రీ-నీవా: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

శ్రీశైలం జలాశయం నుంచి మల్యాల వద్ద కృష్ణా నీటిని ఎత్తిపోసి రాయలసీమకు మళ్లించే పథకం. లక్ష్యం 40 టీఎంసీలు. పుంగనూరు ఉపకాలువ, దాని నుంచి చీలే కుప్పం ఉపకాలువ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి ఆధారం.

ఇక్కడి సేద్యం బోర్లదే. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పండించే రైతుల్లో, వెయ్యి అడుగులు తవ్వించగల స్తోమత ఉన్నవాడికే నీళ్లు. బోరు ఎండిన చిన్న రైతుకు అప్పే మిగులుతుంది. కాలువ నీటితో చెరువు నిండితే చుట్టూ భూగర్భజలం పెరుగుతుంది. సమానత్వానికి ఇంతకన్నా సూటి దారి లేదు.

రాజకీయంగానూ ఈ నీరు కీలకం. చంద్రబాబు నాయుడు 1989 నుంచి ప్రాతినిధ్యం వహిస్తున్న కుప్పంలో 2024 ఫిబ్రవరిలో జగన్‌మోహన్ రెడ్డి, 2025 ఆగస్టులో చంద్రబాబు జలాలను స్వాగతించారు. ఏటా చివరి చెరువుకూ నీరు చేరితేనే పథకం నెరవేరినట్టు.