గనిలో గాలి, గిరిమీద గాలి

కోలారు బంగారు గనుల చరిత్ర రాసేవాళ్ళు బంగారంతో మొదలుపెట్టటం ఆనవాయితీ. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఇక్కడి మట్టి కడిగించి బంగారం చూడటం, 1880లో జాన్ టేలర్ కంపెనీ రావటం, 1902లో శివసముద్రం కరెంటు గనులకు చేరటం, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడటం - ఈ వరస మన పాఠకులకు కంఠోపాఠమే. ఇక్కడ మాత్రం బంగారాన్ని పక్కన పెట్టి గాలి సంగతి చెప్పుకుందాం. దానికి కారణం ఉంది. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల నుంచీ, హోసూరు, బెంగళూరుల నుంచీ కేదారనాథ్, అమరనాథ్, లేహ్, మానససరోవరం వెళ్ళివచ్చే తెలుగువాళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనబడతారు. అక్కడ తలనొప్పితో, వాంతులతో, ఆయాసంతో మంచంపట్టి వచ్చినవాళ్ళు "మనకు కొండగాలి పడదు" అని తేల్చేస్తారు. పడని గాలిలోకి మనిషిని ఎలా పంపాలి, ఎంత నెమ్మదిగా పంపాలి అన్న ప్రశ్న మన ఊళ్ళకు కొత్తది కాదు. నూరేళ్ళకు పైగా అదే ప్రశ్న మన గనుల్లో తలకిందులుగా నడిచింది.

మన గనుల నేల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. ఛాంపియన్ రీఫ్ గని అక్కడి నుంచి పదివేల అడుగులు దాటి, అంటే దాదాపు 3,200 మీటర్ల లోతుకు దిగింది. ఈ లెక్కన గని అడుగున పనిచేసిన మనిషి సముద్రమట్టానికి ఏడువేల అడుగులకు పైగా కింద నిలబడ్డాడన్నమాట. అంత లోతున గాలి ఒత్తిడి నేలమీదికన్నా మూడోవంతుకు పైగా ఎక్కువ. కేజ్ వేగంగా దిగుతుంటే చెవులు మూసుకుపోతాయి. ఉమ్మి మింగితే తెరుచుకుంటాయి. ఒత్తిడి వల్ల వచ్చే బాధ అంతే. కొండమీది మనిషికి ప్రాణవాయువు చాలదు. గనిలోని మనిషికి అది చాలినంత ఉన్నా వేడి ఓర్వరానిది.

ఆ వేడి రెండు వైపుల నుంచి వచ్చేది. లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. మన గనుల అడుగున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెంటిగ్రేడుకు అటూ ఇటూ ఉండేది. రెండోది గాలి వేడి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి వేడిగా తగులుతుంది గదా, అదే సూత్రం. షాఫ్టులో కిందికి పోయే గాలి తన బరువుతో తానే నలిగి వేడెక్కుతుంది. పొడి గాలి అయితే ప్రతి నూరు మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ. పైకి పోయే గాలి అదే లెక్కన వ్యాకోచించి చల్లబడుతుంది. టిప్పు సుల్తాను వేసవి విడిదిగా నంది కొండను ఎంచుకోవటానికీ, ఛాంపియన్ రీఫ్ కార్మికుడు గోచీతో పనిచెయ్యటానికీ వెనక ఉన్న భౌతికశాస్త్రం ఒకటే.

వేడికి తేమ తోడైతే ఇంకా కష్టం. వేసవిలో మట్టికుండ నీళ్ళు చల్లగా ఉంటాయి; ముసురు పట్టిన రోజున అదే కుండ నీళ్ళను చల్లబరచలేదు. మన ఒళ్ళు కూడా కుండలాంటిదే. చెమట కారటం వల్ల కాదు, ఆరటం వల్ల చల్లబడుతుంది. రాతిదుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే గనిలో చెమట ఆరే దారి తక్కువ. ఈ సంగతిని లెక్కకట్టి చూపినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు. మామూలు ఉష్ణమాపకం చూసి లాభం లేదని, బుడ్డికి తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఏం చెపుతుందో చూడాలని ఆయన 1905లో ప్రకటించాడు. కదలని గాలిలో ఆ అంకె 88 డిగ్రీల ఫారన్‌హీటు దాటితే, ఊరికే కూర్చున్న మనిషికి కూడా ఒంటి వేడి పెరుగుతూ పోతుంది. పని చేసేవాడికి ఆ హద్దు ఇంకా కిందే. ఆయన ఈ పరిశీలనలు సాగించింది ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల్లో. మన గనులకు మొదటి తరం నిపుణులైన పనివాళ్ళు, కెప్టెన్లు వచ్చింది కూడా ఆ కార్న్‌వాల్ నుంచే.

కోలారులో ఈ విషయం మీద పని చేసిన వైద్యుడు కాప్లాన్. భూగర్భంలో పనిచేస్తూ కుప్పకూలినవాళ్ళ మీద ఆయన పరిశోధన 1940లలో లండన్‌లోని గనుల సంస్థ సంచికల్లో వచ్చింది. తరవాత 1946లో లిండ్సేతో కలిసి, ఎక్కువ వేడిలో కార్మికుల పని ఎంత తగ్గుతుందో ప్రయోగాలు చేసి రాశాడు. ఒకటి కూలిపోవటం గురించి, రెండోది పని తగ్గటం గురించి. కంపెనీకి ఏ ప్రశ్న ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. 1930ల ద్వితీయార్ధంలోనే గాలిని చల్లబరిచే యంత్రాలు మన గనులకు వచ్చాయంటే దాని వెనక దయ ఎంత, లెక్క ఎంత అని అడగవచ్చు. ఏమైనా యంత్రం వచ్చింది, కొందరి ప్రాణాలు నిలిచాయి. వేడికి కూలినవాళ్ళ వివరాలు ఒక వైద్యుడి పుణ్యాన కాగితం మీదికి ఎక్కాయి. మన పూర్వుల గురించి అలా ఎక్కినవి చాలా తక్కువ.

యంత్రాలకన్నా గొప్ప మందు ఇంకొకటి ఉందని దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో తేలింది. కొత్తవాణ్ణి మొదటిరోజే వేడి లెవెలుకు పంపకుండా, తక్కువ పనితో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుకుంటూ పోతే, రెండు వారాలు తిరిగేసరికి అదే వేడిలో అతని ఒంటి వేడి అంతగా పెరగదు, గుండె అంత వేగంగా కొట్టుకోదు. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. దానిలో ఉప్పు తగ్గుతుంది. 1930లలో డాక్టర్ డ్రియోస్తి కార్మికులను వేడి గదిలో పరీక్షించి, ఎవరికి ఎన్ని రోజుల అలవాటు కావాలో విడగొట్టే పద్ధతి పెట్టాడు. ఈ అలవాటు శాశ్వతం కాదు. కొన్ని వారాలు సెలవు మీద ఊరికి పోయి వచ్చినవాడు మళ్ళీ కొత్తవాడితో సమానం.

ఇప్పుడు కొండ ఎక్కుదాం. వింతేమిటంటే అక్కడ కూడా హాల్డేనే ఎదురవుతాడు. ఎత్తున వచ్చే జబ్బుకు కారణం ప్రాణవాయువు ఒత్తిడి తగ్గటమేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో తన పెద్ద గ్రంథంలో నిరూపించాడు. అంతకు మూడేళ్ళ ముందు జెనిత్ అనే బెలూనులో పైకి పోయిన ముగ్గురిలో ఇద్దరు ఊపిరాడక చనిపోయారు. మరి కొండల మీదే బతికేవాళ్ళు ఎలా బతుకుతున్నారు? అది చూడటానికి 1911లో హాల్డేన్, డగ్లస్, హెండర్సన్, ష్నైడర్ అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద, 14,000 అడుగులకు పైన, అయిదు వారాలు కాపురం పెట్టారు. మొదట్లో వాళ్ళకూ తలనొప్పి, వికారం. కొద్దిరోజుల్లో ఊపిరి తీసుకోవటం పెరిగింది, వారాల మీద రక్తం చిక్కబడింది, ఒళ్ళు కుదుటపడింది. అదే శిఖరానికి పళ్ళచక్రాల రైలు ఉంది. ఆ రైల్లో ఒక్క పూటలో పైకి వచ్చిన యాత్రికులు కళ్ళముందే నీలంగా మారి, వాంతులు చేసుకుని, సొమ్మసిల్లటం వాళ్ళు చూశారు. బృందంలోని మేబెల్ ఫిట్జ్‌జెరాల్డ్ మాత్రం శిఖరం మీద ఉండలేదు. కొలరాడోలోని గనుల ఊళ్ళు తిరిగి, రకరకాల ఎత్తుల్లో ఏళ్ళుగా ఉంటున్న మనుషుల ఊపిరిని సీసాల్లో పట్టి కొలిచింది. ఆమె పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఆక్స్‌ఫర్డ్ ఆమెకు పట్టా ఇచ్చింది 1972లో, నూరేళ్ళ వయసులో!

మన దేశంలో ఈ పాఠం సైనికులు నేర్చుకున్నారు, అదీ ప్రాణాలు పెట్టి. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల్లోని జవాన్లను తొందర తొందరగా హిమాలయాలకు పంపవలసివచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరటం, మెదడు వాయటం వైద్యులు కళ్ళారా చూశారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో 1,925 మంది సైనికుల వివరాలతో ప్రచురించిన వ్యాసం ఈ జబ్బు మీద ప్రపంచమంతా చదివే మూలరచనల్లో ఒకటి. ఇప్పుడు సైన్యానికి కచ్చితమైన పద్ధతి ఉంది. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, అందులో మొదటి రెండు రోజులు విశ్రాంతి. 15,000 దాకా ఇంకో నాలుగు రోజులు. ఆపైన మరో నాలుగు. నాలుగు వారాలు దాటి కిందికి పోయి వచ్చినవాడు మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. గని కార్మికుడి సెలవు లెక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు.

మరి మన యాత్రికుడి మాటేమిటి? ఫాటా దగ్గర హెలికాప్టర్ ఎక్కితే పదినిమిషాల్లోపే సుమారు 11,750 అడుగుల కేదారనాథ్. మన కేజ్ కిందికి చేసిన పనినే హెలికాప్టర్ పైకి చేస్తుంది, ఒంటికి తెలిసేలోపు మనిషిని వేరే గాలిలో వదిలిపెడుతుంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండువంతులే. దర్శనం చేసుకుని వెంటనే దిగినవాళ్ళు చాలామంది క్షేమంగానే వస్తారు, ఎందుకంటే జబ్బు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తరవాత బయటపడుతుంది. రాత్రి అక్కడే పడుకున్నవాళ్ళకే తంటా. విమానంలో ఒక్కసారిగా 11,500 అడుగుల లేహ్‌లో దిగి, మర్నాడే 17,000 అడుగులు దాటిన కనుమలకు కారెక్కేవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. టూరువాళ్ళు రోజులు తగ్గించి ధర తగ్గిస్తారు. ఆ తగ్గించినవి ఒంటికి కావలసిన రోజులే. నంది కొండ ఎక్కి రొప్పటం ఈ జబ్బు కాదు. అది 4,850 అడుగులే. సుమారు 8,000 అడుగులు దాటాకే దీని బెడద.

పాటించవలసినవి కష్టమైనవి కావు. పదివేల అడుగులు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటుకన్నా 1,600 అడుగులకు మించి ఎత్తున ఉండకూడదు; మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున ఆగాలి. పగలు ఎక్కువ ఎత్తుకు పోయివచ్చినా, పడక కిందే వెయ్యాలి. చేరిన మొదటి రెండు రోజులు బరువులు, పరుగులు వద్దు. మద్యం, నిద్రమాత్రలు వద్దు. తలనొప్పితో పాటు వికారం, తలతిరగటం, నీరసం ఉంటే అది ఎత్తు జబ్బేననుకుని, తగ్గేదాకా ఇంకొక అడుగు పైకి వెయ్యకూడదు. తాగినవాడిలా తూలటం, మాట తడబడటం, కూర్చున్నచోటే ఆయాసం, నురుగుతో దగ్గు - వీటిలో ఏది కనబడినా రాత్రనీ వాననీ చూడకుండా కిందికి దించాలి. అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. మూత్రపిండాల చేత రక్తంలోని క్షారాన్ని బయటికి పంపించి, ఊపిరి పెరిగేటట్టు చేస్తుంది. ఒళ్ళు తనంతట తాను కొన్ని రోజుల్లో చేసే పనిని తొందర చేస్తుందంతే. సాధారణంగా ఎక్కటానికి ముందురోజు నుంచి పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు, ఇతర జబ్బులున్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు. కర్పూరం మూటగట్టి వాసన చూడటం మనవాళ్ళకు అలవాటు. అది ముక్కుకు హాయి, అంతకుమించి ఆధారం లేదు.

వ్యాయామం చేసే కుర్రవాడికి ఈ జబ్బు రాదన్నది కూడా భ్రమే. పైగా వాడు వేగంగా ఎక్కి ముందు పడతాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, 2014 మే 25న, ఆనంద్ కుమార్‌తో పాటు ఎవరెస్టు ఎక్కినప్పుడు మనమంతా ఆ అమ్మాయి ధైర్యం గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడుకోనిది ఆ ప్రయాణం పట్టిన 52 రోజుల గురించి. భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగు, లడాఖ్‌ల మీదుగా సాగిన శిక్షణ ఆ రోజులకు ముందుది.

మన గనుల ప్రాంతంవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. వేడిని మించి మన కార్మికులను తిన్నది రాతిదుమ్ము. సిలికోసిస్ వల్ల ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్ళు గనులు మూసి పాతికేళ్ళయినా మారికుప్పంలో, ఆండర్సన్‌పేటలో, ఛాంపియన్ రీఫ్ లైన్లలో ఇంకా ఉన్నారు. మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే ఆ పెద్దవాళ్ళను పిల్లలు ప్రేమకొద్దీ చార్‌ధామ్ బస్సు ఎక్కిస్తున్నారు. కొండమీద మామూలు మనిషి ఊపిరి పెంచుకుని నెట్టుకొస్తాడు. వీళ్ళకు పెంచుకోవటానికి ఊపిరి మిగల్లేదు. లిపులేఖ్ దారిన ప్రభుత్వం నడిపే మానససరోవర యాత్రలో ఢిల్లీలో ఒకసారి, గుంజి దగ్గర మరోసారి వైద్య పరీక్ష చేసి, తేలనివాళ్ళను వెనక్కి పంపుతారు. ప్రైవేటు బస్సుల్లో అటువంటి పరీక్ష ఉంటుందన్న నమ్మకం లేదు. టికెట్టు కొనటానికి ముందే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి, గని పని ఎన్నేళ్ళు చేశారో వైద్యుడికి చెప్పి అడగాలి. వద్దంటే బదరీ కేదారాలకు బదులు తిరుమల ఉంది. ఎత్తు కోలారుతో దాదాపు సమానం.