మేతలో కలిసిన మందు

రెండవ ప్రపంచయుద్ధానంతరం మాంసానికి గిరాకీ హెచ్చిన కాలంలో, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలకు చెందిన థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్‌లు బి12 విటమిన్‌కు చౌకైన ఆకరాన్ని అన్వేషిస్తూ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూశారు. విటమిన్ మాత్రమే తిన్నవాటికంటె ఆ పిల్లలు త్వరితంగా పెరిగాయి. పిప్పిలో మిగిలిన మందే అందుకు కారణమని 1950లో లోకానికి వెల్లడయింది. మరుసటి ఏడే అమెరికా ప్రభుత్వం మేతలో యాంటీబయాటిక్‌లకు అనుమతినిచ్చింది. ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపత్యంలోనే అయినా, 1948 ఆగస్టులోనే కన్నుమూసిన ఆయనపై మేతలో మందు కలిపిన బాధ్యతను మోపడం న్యాయం కాదు.

తొలితరం శాస్త్రజ్ఞులనూ తీవ్రంగా నిందించలేము. మందుకు లొంగకుండా సూక్ష్మజీవులు పెంచుకునే నిరోధశక్తి ఒక సూక్ష్మజీవి నుండి మరొక జాతి సూక్ష్మజీవికి సంక్రమించగలదని జపాన్ పరిశోధకులు నిరూపించినది 1959లో మాత్రమే. ఆ తరువాతి ఉపేక్షకు అంతటి క్షమార్హత లేదు. 1969లో బ్రిటన్‌లో స్వాన్ సంఘం, మానవచికిత్సకు ఉపకరించే మందులను మేతకు దూరంగా ఉంచవలెనని నివేదించింది. 1976లో పరిశోధకుడు స్టూవర్ట్ లెవీ బృందం మరింత స్పష్టమైన సాక్ష్యాన్ని ముందుంచింది: టెట్రాసైక్లిన్ కలిపిన మేత తిన్న కోళ్ల పేగులలో నిరోధక సూక్ష్మజీవులు కొద్దిరోజులలోనే ప్రబలగా, కొన్ని నెలలకు ఆ ఫారంలో నివసించే కుటుంబసభ్యులలోనూ అవి కనిపించాయి. అయినను ఐరోపాలో, మనుషులకు వాడరన్న ధైర్యంతో అవోపార్సిన్ వంటి మందులు మేతలో నిలిచాయి. అవోపార్సిన్ వాంకోమైసిన్‌కు సజాతీయమైనందున, ఆసుపత్రులలో చివరి ఆశ్రయంగా ఉంచుకున్న ఆ ఔషధానికి లొంగని ఎంటెరోకాకస్ సూక్ష్మజీవులు ఆరోగ్యవంతమైన కోళ్లలోనే పెరిగాయి. డెన్మార్క్ అవోపార్సిన్‌ను 1995లో నిషేధించింది.

స్వీడన్ నడిచిన మార్గం వేరు. 1953లో ఆల్వెస్టా కబేళా నుండి వ్యాపించిన సాల్మొనెల్లా వేలమందిని రోగగ్రస్తులను చేసి, తొంభైమంది వరకు బలిగొన్నది. ఆ విషాదం నుండి పుట్టిన నియంత్రణ వ్యవస్థ మేతనూ మందలనూ పరీక్షించి, సోకిన మందను తొలగించే పద్ధతిపై నిలిచింది. రోగాన్ని మందుతో అణచక, ప్రవేశద్వారంలోనే అడ్డుకున్న ఆ దేశానికి 1986లో ఎదుగుదల మందులను వదలుకోవడం దుస్సాధ్యం కాలేదు. ఐరోపా సమాఖ్యకు అదే నిర్ణయానికి రావడానికి 2006 వరకు పట్టింది. ఎదుగుదల మందులను వదిలిన డెన్మార్క్‌లోనూ బ్రాయిలర్ల ఉత్పాదకత చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని గుణాన్ని సూక్ష్మజీవులకు ఇచ్చే ఎంసీఆర్-1 జన్యువు చైనాలో 2015లో బయటపడిన తరువాత, భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహారపశువులకు, కోళ్లకు ఆ మందును నిషేధించింది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికి అగ్రగామియైన ఆంధ్రప్రదేశ్‌కు ఈ ఉత్తర్వు మిక్కిలి ముఖ్యమైనది. అయితే స్వీడన్ వలె రోగాన్ని ముందే అడ్డుకోవడానికి కావలసిన రోగరహితమైన కోడిపిల్లలకూ పరీక్షించిన మేతకూ అయ్యే వ్యయాన్ని పెంపకందారు ఒక్కడిపైనే విడిచిపెట్టినంత కాలం, ఏ నిషేధమూ షెడ్డు లోపలి వరకు చేరదు.