డిమెన్షియా సంరక్షణలో స్మార్ట్ ఇల్లు: శంషాబాద్ పరిసరాలు

డిమెన్షియా ఉన్నవారు సొంత ఇంట్లోనే వీలైనంత కాలం క్షేమంగా గడిపేందుకు అమర్చే పరికరాలన్నిటినీ కలిపి స్మార్ట్ హోమ్ సాంకేతికత అంటున్నారు. పొయ్యి వెలుగుతూ ఉండిపోతే గ్యాస్ కట్టేసే వాల్వు, వేళకాని వేళ తలుపు తెరుచుకుంటే ఫోను మోగించే సెన్సర్, రాత్రి మంచం దిగగానే బాత్రూమ్ దాకా దారి చూపే దీపం, మందుల వేళ గుర్తుచేసే గొంతు ఇందులోకి వస్తాయి. వీటి చరిత్రను వరుసగా చదువుతూ వస్తే ఒక సంగతి తేటపడుతుంది. పరికరం ఎంత తెలివైనదో అన్నది రెండో ప్రశ్న. అది పంపిన కబురు అందుకుని నిమిషాల్లో ఆ గడప తొక్కగల మనిషి ఉన్నారా అన్నదే మొదటి ప్రశ్న. విమానాశ్రయం చుట్టూ పెరిగిన శంషాబాద్‌లో ఆ ప్రశ్న మరీ గట్టిగా ఎదురవుతుంది.

ఇంటి కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి దీపాలను అదుపు చేసే ఎక్స్10 పద్ధతి 1975లో వచ్చింది. అప్పటి లక్ష్యం సౌకర్యమే. డిమెన్షియాను దృష్టిలో పెట్టుకుని ఇంటిని తీర్చిదిద్దిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది 1990ల చివర్లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో జరిగింది. బాత్ వైద్య ఇంజనీరింగ్ సంస్థ నిపుణులు అక్కడ ఒక ఇంట్లో స్నానపు తొట్టి పొంగకముందే నీళ్లు ఆపే ఏర్పాటు, పొయ్యిని కనిపెట్టి ఉండే పరికరం, పోయిన తాళాలను వెతికిపెట్టే బొమ్మల మీటలు అమర్చి పరీక్షించారు. వారి ఆలోచనలో గొప్పదనం వరుసలో ఉంది. ముందు డిమెన్షియా ఉన్న మనిషికే నెమ్మదిగా గుర్తుచేయాలి, పని తానే సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి, అది కుదరనప్పుడే యంత్రం కలగజేసుకోవాలి, ఆ తర్వాతే బయటివారికి కబురు వెళ్లాలి. జపాన్‌లో జోజిరుషి కంపెనీ 2001లో మరో దారి పట్టింది. ఒంటరి వృద్ధులు టీ కోసం వేడినీళ్ల కెటిల్ వాడినప్పుడల్లా అది నమోదై, వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు ఆ సమాచారం చేరేది. కెమెరా లేదు, మైకు లేదు; రోజూ చేసే పని ఆగిపోయిందా అన్నది తెలిస్తే చాలనుకున్నారు.

ఇలాంటి పరికరాల మీద పెరిగిన ఉత్సాహానికి పెద్ద పరీక్ష ఇంగ్లండ్‌లో జరిగిన అటిలా అధ్యయనం. డిమెన్షియాతో ఇంట్లోనే ఉంటున్న 495 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అవసరాన్ని బట్టి పూర్తి పరికరాలు, రెండో జట్టుకు పొగ అలారం వంటి కనీస ఏర్పాట్లు ఇచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, పూర్తి పరికరాలు ఇచ్చినా సంరక్షణ గృహంలో చేరాల్సిన రోజు చెప్పుకోదగ్గంతగా వెనక్కి జరగలేదు, చూసుకునేవారి భారమూ తగ్గలేదు. అంతమాత్రాన పరికరాలు దండగ అనుకోవడం తొందరపాటే. ఇదే అధ్యయనంలో, మదింపులో తేలిన అవసరాలకూ ఇళ్లలో అమర్చిన వస్తువులకూ చాలాచోట్ల పొంతన లేదని కూడా బయటపడింది.

హైదరాబాద్ ఈ చరిత్రలోకి వచ్చింది పరికరాలతో కాదు, వైద్య పరిశోధనతో. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. తెలుగు, ఉర్దూ కలగలిసి నడిచే ఈ ప్రాంతంలో స్మార్ట్ ఇంటికి భాష పైపై అలంకారం కాదు. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది చిన్ననాటి మాటకే మళ్లుతారు. పల్లె తెలుగులోనో దక్కనీలోనో లంబాడీలోనో ఆలోచించే పెద్దామెకు తెలియని యాసలో స్పీకరు మందులు వేసుకోమంటే, ఇంట్లో ఎవరో చొరబడ్డారన్న భయమే మిగులుతుంది. కూతురి గొంతు రికార్డు చేసి వినిపించడం ఖరీదైన వాయిస్ అసిస్టెంట్ కన్నా మేలు.

ఇక శంషాబాద్ సంగతి. 2008 మార్చిలో మొదలైన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నారు. పొలాల గట్లు, బండి బాటలు పోయి ఔటర్ రింగ్‌రోడ్డు, సర్వీసు రోడ్లు, కాంపౌండు గోడలు వచ్చాయి. డిమెన్షియాలో కొత్త జ్ఞాపకాలు ముందు చెదురుతాయి, పాతవి ఆలస్యంగా పోతాయి. చిన్నప్పటి దారిని నమ్ముకుని పొలానికి బయల్దేరిన ముసలాయన ఇక్కడ జాతీయ రహదారి మీద తేలే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ ప్రాంతంలో తలుపు సెన్సర్‌కు, చొక్కాకు కుట్టిన ఫోన్ నంబరుకు విలువ ఎక్కువ. జపాన్‌లోని ఇరుమా నగరం 2016లో వృద్ధుల గోళ్లకు క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అంటించింది దారి తప్పినవారిని ఇల్లు చేర్చడానికే. అయితే పరికరం ఒక్కటే చాలదు. వరండాలో కెమెరా పెట్టి డాలస్ నుంచి చూసే కొడుక్కి తండ్రి గేటు దాటడం కనిపిస్తుంది గాని చెయ్యి పట్టుకుని వెనక్కి తేవడం కుదరదు. ఆ అలర్టు ముందు పక్కింటివారికి, వాచ్‌మన్‌కు, ఊళ్లోనే ఉన్న మేనల్లుడికి వెళ్లాలి.

మన కుటుంబాలకు ఇవన్నీ ఎందుకు, మనుషులున్నారుగా అంటారు కొందరు. ఉన్న మనుషుల్లో భారమంతా ఎక్కువగా ఒక్క కోడలి మీదో కూతురి మీదో పడుతోంది. రాత్రంతా మేలుకునే ఆ ఒక్కరికి నాలుగు గంటల నిద్ర దక్కించినా సెన్సర్ తన పని చేసినట్టే. ఇది నిఘా కాదా అన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. జబ్బు తొలిదశలోనే ఆ మనిషిని అడిగి, ఏది ఒప్పుకుంటారో రాసుకుని, పడకగదిలో, స్నానాలగదిలో కెమెరా మాట ఎత్తకుండా ఉంటేనే దానికి జవాబు చెప్పినట్టు. ఖర్చు మాటకొస్తే, దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా. పట్టణాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. విల్లాలకు అమ్మే ఖరీదైన ప్యాకేజీలు వీరిలో చాలామందిని చేరవు. బ్యాటరీతో నడుస్తూ, ఇంటర్నెట్ లేకున్నా పక్క గదిలో గంట మోగించే తలుపు సెన్సర్ చేరుతుంది.

వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. కానీ డిమెన్షియా ఉన్నవారిలో కలవరం, తిరుగుడు తరచూ పొద్దుగూకాక ఎక్కువవుతాయి. అందుకే శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి అలర్టు అందుకుని కదిలే మనుషుల జాబితాను స్థానిక సంస్థలు, పోలీసు స్టేషన్లు, ఆశా కార్యకర్తలు కలిసి ఇప్పుడే తయారు చేయాలి.