పాత ఇంటి కాగితాలు వెతికినం

మా సంఘంలో ఒక అక్క ఉంటున్న ఇల్లు ఆర్మూర్‌లో పాత ఊరి దిక్కు ఉన్నది. గూనపెంకుల ఇల్లు, నడుమ బవంతి, చుట్టూ నాలుగు అర్రలు. పోయిన వానకాలం వెనక అర్ర గోడ కూలింది. బ్యాంకు లింకేజీ అప్పులో తన వాటాతో గోడ కట్టుకుంటానని అక్క తీర్మానం రాయించింది. ఇంతలోనే మామ అన్నదమ్ముల కొడుకులు వచ్చి, "ఇది మా తాత కట్టించిన ఇల్లు, అందరికీ పాలున్నది, గోడ పెట్టొద్దు" అన్నరు. అక్కకు భర్త లేడు, అత్తమామలు లేరు. చేతిలో ఉన్నది మామ పేరు మీది ఇంటిపన్ను రసీదు ఒక్కటే. తాత ఇల్లా కాదా తేలితే గాని గోడ లేవదు. అందుకే మేము ఐదుగురం ఈ పని మీద తిరిగినం.

మొదలు పహాణీ కోసం పోయి ఒక దినం కూలి పోగొట్టుకున్నం. 1954-55 నాటి ఖాస్రా పహాణీ పొలాలకు పెద్ద ఆధారమే, కాని అందులో ఉండేది సాగుభూమి సంగతి. ఊరి ఆబాదీలో ఉన్న ఇల్లు ఎవరిదో అది చెప్పదు. ఇంటికి పంచాయతీ నాటి ఇంటిపన్ను రిజిస్టర్లు చూడాలె. అందులోనూ ఇంటి నంబర్లు మారినయి. నంబరు పట్టుకొని పోతే వేరే ఇల్లు వచ్చింది. ఎడమకు ఎవరు, కుడికి ఎవరు అని హద్దులు పట్టి చూస్తే అప్పుడు దొరికింది. ఈసీ కంప్యూటర్‌లో 1983 నుంచే వస్తది, అంతకు ముందుది చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవాలె.

అసలు కాగితం మాత్రం ఆఫీసులో దొరకలేదు. అక్క పెద్దాడబిడ్డ ఇంట్లో, తల్లి ఇచ్చిన రేకు పెట్టెలో ఉండె. ఉర్దూలో రాసిన కిరాయినామా. ఉర్దూ చదివే ఒక పెద్దాయనతో చదివించినం. దాని మీద 1355 ఫస్లీ అని ఉన్నది. నిజాం కాలపు ఫస్లీకి 590 కలపాలె, కొన్ని నెలలకు 591. అంటే 1945-46. కిరాయి హాలీ సిక్క రూపాయల్లో రాసిండ్రు. ఇంగ్లీషోళ్ల కల్దార్ రూపాయలు ఆరు ఇస్తే హాలీ రూపాయలు ఏడు వచ్చేటివట.

ఆ కాగితం ప్రకారం ఇల్లు ఒక పసుపు అడ్తి వ్యాపారిది. తాత అందులో ఒక అర్ర కిరాయికి తీసుకున్నడు, అంతే. అది విని మామ అన్నదమ్ముల కొడుకులు చాలాసేపు మాట్లాడలే. మాకు కూడా మనసు చిన్నబోయింది. చిన్నప్పటి నుంచి తాత ఇల్లు అని చెప్పుకున్నోళ్లు గదా.

1963 జూలై 26న పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసిండు. ఆ తర్వాత ముంపు ఊళ్ల నుంచి వచ్చిన ఒక కుటుంబం పక్క అర్రలో కొన్నేండ్లు ఉన్నది. వ్యాపారి వాళ్లు ఊరు విడిచి పోతూ ఇల్లు అమ్మితే మామ కొన్నడు. ఆ రిజిస్ట్రీ నకలు పాత పుస్తకాల్లోనే దొరికింది. అందులో మామ పేరొక్కటే ఉన్నది. పైసలు తక్కువ పడితే అత్త వెండి కడియాలు అమ్మిన సంగతి అందులో లేదు, అది ఆడబిడ్డ చెప్తేనే తెలిసింది. ముందటి అర్రను బీడీల కార్ఖానాకు కిరాయికిచ్చి మిగతా బాకీ తీర్చిండ్రట. రిజిస్టర్‌లో కిరాయిదారు అని కార్ఖానా పేరే ఉన్నది. మా సంఘంలో ఇద్దరి తల్లులు ఆ అర్రలో కూసొనే ఆకు కత్తిరించి బీడీలు చుట్టిండ్రు.

ఇంటి చరిత్ర తేలింది కాని, ఇంకో సంగతి ముందటికి వచ్చింది. మామ సొంతంగా కొన్న ఇల్లు, వీలునామా రాయలే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అసొంటి ఆస్తిలో కొడుకులకు, బిడ్డలకు సమానం పాలు. తండ్రి కంటే ముందే పోయిన కొడుకు పాలు అతని భార్యాపిల్లలకు వస్తది. అంటే అక్కకు, పిల్లలకు కలిపి ఒక పాలు, ఇద్దరు ఆడబిడ్డలకు రెండు పాళ్లు. "పెట్టె తెరవకుంటేనే మంచిగుండునేమో" అని మాలో ఒకామె అన్నది. ఆ మాట మీద మీటింగ్‌లో లొల్లి అయ్యింది. రేపు మనం పుట్టింటికి పోయి పాలు అడిగితే ఏమంటరు అని ఇంకొకామె అడిగింది.

పెద్దాడబిడ్డ తన పాలు అక్క పేరు మీద విడుదల రాసిచ్చింది. చిన్నామె వేరే సంఘంలో సభ్యురాలు. "నా పాలు నాకుండని, గోడ మాత్రం కట్టుకో వదినా" అన్నది. మునిసిపాలిటీలో పేరు మార్పు దరఖాస్తు అక్క, పిల్లలు, చిన్నాడబిడ్డ పేర్ల మీద ఇచ్చినం. గోడ లేచింది, పెంకులు ఎక్కించుడు ఉన్నది.